మూడు రంగుల మగపిల్లి

మెట్ల పక్కన గోడకు అతికించిన ప్రకటనను మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారట. పిల్లి తప్పిపోయింది, ఆడది, ఒంటి మీద తెలుపు, నలుపు, నారింజ రంగు మచ్చలు, ఎడమ కంటి చుట్టూ పెద్ద నారింజ మచ్చ, ఆచూకీ తెలిసినవారు కింది అంతస్తులో పళ్ళ డాక్టరుకు చెప్పగలరు. పక్కనే ఫోటో. ఫోటోలో ఉన్నది మా బొంత.

ఆవిడ చదవడం పూర్తయ్యేసరికి క్లినిక్ తలుపు తెరుచుకుని డాక్టరే బయటికి వచ్చింది.

"పిన్నిగారూ, మీకెక్కడైనా కనిపించిందా? మీ బాల్కనీలో పిల్లి అరుస్తోందని వాచ్‌మన్ అంటున్నాడు."

"అరుస్తుందండీ. మాది మగపిల్లి," అన్నారు మా అత్తగారు.

ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసి, కలవని లైనును కూడా 'ఇదిగో కలుపుతున్నా' అని చెప్పిన గొంతు అది. తొణకదు. డాక్టరు "ఓహో" అని లోపలికి వెళ్ళిపోయింది. అత్తగారు మెట్లెక్కి ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, బాల్కనీ తలుపు కూడా మూసి, ఆ తర్వాత నా గదిలోకి వెళ్ళి సొరుగు తెరిచారు.

సాయంత్రం నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో బొంత, చేతిలో నా కనుబొమల పెన్సిలు. బొంత ఎడమ కంటి చుట్టూ ఉండాల్సిన నారింజ రంగు పోయి నల్లగా తయారైంది.

"కదలకురా నాన్నా, అయిపోయింది," అంటున్నారు దానితో. పొద్దుటిదాకా దాన్ని 'తల్లీ' అని పిలిచేవారు.

ఈ బొంత మా ఇంటికి ఒక ముసురు రోజున వచ్చింది. బాల్కనీ గోడ మీంచి దిగి, ఎవరి అనుమతీ అడక్కుండా అత్తగారి ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది. అతుకుల బొంతలా ఉందని ఆవిడే ఆ పేరు పెట్టారు. అప్పటికి ఆవిడ రిటైరై కొన్నాళ్ళయింది. మాట్లాడటమే ఉద్యోగంగా బతికిన మనిషికి పగలంతా మాట్లాడటానికి మనిషి లేడు. నేనూ మా ఆయనా పొద్దున్నే పనుల మీద పోతాం. మామగారు క్లబ్బులో క్యారమ్స్ ఆడటానికి వెళ్ళి, భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుని మళ్ళీ వెళతారు. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి టీవీ మోగుతూ ఉండేది, అత్తగారు దానికి వీపు పెట్టి కూర్చుని ఉండేవారు. బొంత వచ్చాక టీవీ ఆగింది. తలుపు తీస్తుంటే "అప్పుడు నేనేమన్నానంటే" అని ఆవిడ గొంతు, దానికి జవాబుగా గురగురమని ఇంకో గొంతు వినిపించేవి. ఈ పిల్లి ఎవరిదో అని మాలో ఎవరమూ అడగలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా ఇంట్లో అది కళ్ళు తెరుచుకునే తాగింది, కళ్ళు మూసుకున్నది మేము.

ప్రకటన సంగతి, డాక్టరుకు చెప్పిన జవాబు సంగతి అత్తగారు నాకు పూసగుచ్చినట్టు చెప్పారు. చెప్పేటప్పుడు కాస్త గర్వం కూడా ఉంది.

"అబద్ధం చెబితే చెప్పారు అత్తయ్యా, మగపిల్లి అని ఎందుకన్నారు?"

"కాగితం మీద ఆడది అని రాసుంది. మాది మగది అంటే ఇంక మాటే ఉండదు కదా."

"మూడు రంగుల పిల్లి మగది అవదు."

"ఎవరన్నారు?"

"నా పనే అదత్తయ్యా."

నా పని ఏమిటని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చుట్టాలెవరైనా అడిగితే మా ఆయన 'మైక్రోస్కోపు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇప్పుడు అవసరం పడింది కనక అత్తగారు పెన్సిలు మూత పెట్టి నావైపు తిరిగారు.

"ఒంట్లో కణాల్లో డీఎన్ఏ దారం ఉంటుందని విన్నారు కదా. మన ఒంట్లో ఒక్క కణంలో దారాన్ని సాగదీస్తే మన ఎత్తు దాటిపోతుంది. కణమేమో కంటికి ఆనదు. మరి అంత దారం అందులో ఎలా పట్టాలి?"

"చుట్టి పెట్టాలి."

"అదే చేస్తుంది. చిన్న చిన్న ప్రోటీను ఉండలకి దారం చుట్టి, ఆ ఉండల్ని దగ్గరికి జరిపి, మళ్ళీ మడిచి సర్దుతుంది. అన్నిచోట్లా ఒకేలా సర్దదు. వదులుగా ఉన్నచోట జన్యువుల్ని చదువుకుని కణం వాటితో పని చేయించుకుంటుంది. బిగించి మడిచినచోట చదవలేదు. జన్యువు అక్కడే ఉంటుంది, చెడిపోదు, కానీ దానివల్ల పని జరగదు."

అత్తగారు కాసేపు బొంత చెవి వెనక గోకుతూ ఆలోచించారు.

"మీ మామయ్యగారి పువ్వుల చొక్కాలాగా."

"ఏ చొక్కా?"

"ఉందిలే ఒకటి. అది వేసుకుని పెళ్ళిళ్ళకి వస్తుంటే చూడలేక బీరువాలో దుప్పట్ల కింద అట్టడుగున పెట్టేశాను. చిరగలేదు, పారెయ్యలేదు. కానీ అక్కడున్నంతకాలం ఆయన వేసుకోలేరు."

"సరిగ్గా అంతే."

"నా చొక్కా ఏమైంది?" అని హాల్లోంచి మామగారు అడిగారు.

"మీ గురించి కాదండీ, పిల్లి గురించి," అన్నారు అత్తగారు. "ఊఁ, చెప్పు."

"ఆ దారం ముక్కల్నే క్రోమోజోములంటారు. ఆడపిల్లికి ఎక్స్ క్రోమోజోములు రెండు. బొంతకి ఒకదాని మీద నారింజ రంగు జన్యువు ఉంది, రెండోదాని మీద నలుపు. రెండు ఎక్స్‌లూ ఒకే కణంలో పని చేస్తే ఎక్కువైపోతుంది. అందుకని బొంత వాళ్ళమ్మ కడుపులో ఇంకా చిన్న ముద్దగా ఉన్నప్పుడే ప్రతి కణమూ రెండింట్లో ఒకదాన్ని బిగించి మూలకి సర్దేసింది. ఫలానాదే సర్దాలని రూలేం లేదు, దేనికి తోచింది అది సర్దింది. ఒకసారి సర్దాక మాత్రం ఆ కణం పిల్లలూ, వాటి పిల్లలూ అదే మడతతో ఉండిపోతాయి. నలుపుని సర్దేసిన కణాల సంతానం ఉన్నచోట నారింజ మచ్చ, నారింజని సర్దేసినచోట నల్ల మచ్చ. తెల్లగా ఉన్నచోటికి రంగు కణాలే చేరలేదు, అది వేరే కథ."

"మగపిల్లికి?"

"ఎక్స్ ఒక్కటే. అయితే నారింజ, లేకపోతే నలుపు. రెండూ కలిసి రావు."

అత్తగారు బొంత వీపు మీద మచ్చల్ని ఒకదాని తర్వాత ఒకటి వేలితో తడిమారు. వాటిని అంతకుముందు చూడనట్టే చూశారు. ఆ తర్వాత నన్ను చూశారు.

"ఈ సంగతి ఈ బిల్డింగులో ఎంతమందికి తెలుసు?"

"నాకొక్కదానికే అనుకుంటా."

"మరింకేం. నువ్వు నోరు మూసుకో, సరిపోతుంది."

అలా మా ఇంట్లో మగపిల్లి వెలిసింది. అత్తగారు దాన్ని 'బొంతన్నా' అని పిలవడం మొదలుపెట్టారు. అది పలకలేదు, కానీ అది అంతకుముందు కూడా పలికేది కాదు. కష్టమంతా మామగారికి వచ్చింది.

"పాలు తాగిందా అది?" అనేవారాయన.

"తాగాడా వాడు, అనండి."

"ఎవరు?"

"వాడండీ. మన బొంతన్న."

"ఇంట్లో మనమేగా ఉన్నాం."

"ఇంట్లో అలవాటు చేసుకుంటేనే మెట్ల మీద నోటికొస్తుంది."

కంటి చుట్టూ వేసిన నలుపు మధ్యాహ్నానికల్లా బొంత పంజాతో తుడిచేసుకునేది. దానికి ముఖం కడుక్కోవడం తప్ప వేరే ఉద్యోగం లేదాయె. అత్తగారు మళ్ళీ దిద్దేవారు. ఆవిడ నా పెన్సిలు అరగదీసేశారు. ఇంకోటి కొనడానికి వెళితే దుకాణం అమ్మాయి నా కనుబొమలు ఒకసారి చూసి, "ఇంత త్వరగా అయిపోయిందా మేడమ్?" అంది.

అన్నీ సర్దుకుంటున్నాయి అనుకుంటుండగా ఒక సాయంత్రం మామగారు క్లబ్బు నుంచి ఉత్సాహంగా వచ్చారు.

"మెట్ల దగ్గర ఆ డాక్టరమ్మాయి కనిపించింది. మీ పిల్లి బాగున్నాడా అండీ అని అడిగింది. వాడికేం, మహా పొగరుబోతు, మాట వినడు అని చెప్పాను. ఒక్కసారి కూడా తప్పు మాట్లాడలేదు."

"అంతేనా?"

"ఏ రంగు అని అడిగితే మూడు రంగులున్నాయి, తెలుపూ నలుపూ నారింజా అన్నాను. అందులో అబద్ధమేం లేదు కదా."

అత్తగారు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఆవిడేమంది?"

"'మగపిల్లి, మూడు రంగులు' అని ఒకసారి తనలో తను అనుకుంది. చాలా బాగుందండీ అని నవ్వింది. మంచి పిల్ల."

"రంగులు ఎవరు చెప్పమన్నారండీ మిమ్మల్ని?"

"ఎవరు చెప్పొద్దన్నారు?"

దాంతో అత్తగారు మెట్లు దిగడం మానేశారు. కూరలకీ నేనే, చెత్తబుట్టకీ నేనే. ఆ పైవారం ఆవిడ కింది దవడలో కుడివైపు నమిలే పన్ను నొప్పి మొదలైంది. లవంగం పెట్టుకున్నారు, ఉప్పునీళ్ళు పుక్కిలించారు, దవడకు మఫ్లరు కట్టుకుని కూర్చున్నారు. బుగ్గ ఉబ్బింది. ఊరికి ఆ చివర ఇంకో పళ్ళ డాక్టరు ఉన్నాడు, అక్కడికి తీసుకెళ్ళమన్నారు. ఫోను చేస్తే ఆయన సెలవులో ఉన్నాడు.

"నాలుగు మెట్లు దిగితే డాక్టరుంటే ఊరి చివరకెందుకు?" అన్నారు మామగారు.

మాట్లాడలేక అత్తగారు ఆయన్ని చూసిన చూపుకి పన్ను దానంతటదే ఊడి రావాలి. రాలేదు. నేను ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళాను.

క్లినిక్ చిన్నది, కానీ అద్దంలా ఉంది. ముందు గదిలో సోఫా, లోపల పైకీ కిందికీ కదిలే కుర్చీ, దాని మీద దీపం, పక్కన స్టీలు పళ్ళెంలో వరసగా పనిముట్లు. డాక్టరు మాస్కు కట్టుకుని, అత్తగారి మెడకు కాగితం రుమాలు తగిలించి, కుర్చీని వెనక్కి వాల్చి, మత్తు సూది వేసింది. కాసేపాగి బుగ్గలో దూది కుక్కి, ఉమ్ము లాగే గొట్టం తగిలించి పని మొదలుపెట్టింది. అంతవరకూ పిల్లి మాటే లేదు. నేను మూల స్టూలు మీద ఊపిరి పీల్చుకున్నాను.

"మీరు చేసేది క్రోమోజోముల పనే కదూ?" అంది డాక్టరు, నావైపు చూడకుండా. "మా చదువులో కూడా కాస్త చెప్పార్లెండి. అప్పటినుంచీ నాకొక సందేహం. నోరు తెరిచే ఉంచండి పిన్నిగారూ, మూస్తే మళ్ళీ మొదటికొస్తాం."

తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. మా అత్తగారి నోట్లో దూది, గొట్టం, అద్దం, డాక్టరు రెండు వేళ్ళు ఉన్నాయి.

"మూడు రంగుల మగపిల్లి ఉంటుందంటారా?"

అత్తగారి కళ్ళు నావైపు తిరిగాయి. తల కదిలే వీల్లేదు, కళ్ళు మాత్రమే. నోరు మూసుకుంటానని ఇచ్చిన మాట ఒకవైపు ఉంది. ఇంకోవైపు, నా పని గురించి నేనే అబద్ధం చెప్పడం నావల్ల కాదు. అదృష్టం బాగుండి, నిజమే ఆ వేళకి పనికొచ్చింది.

"ఉండొచ్చండీ. ఎప్పుడైనా ఒక ఎక్స్ అదనంగా పట్టుకుని పుట్టే మగపిల్లులు ఉంటాయి. రెండు ఎక్స్‌లు ఉన్నాయి కనక వాటిల్లోనూ ఒకటి మడతపడుతుంది, మచ్చలొస్తాయి. వేలల్లో ఒకటి."

అత్తగారి కళ్ళల్లో నాకోసం అంత ప్రేమ నా పెళ్ళిలో కూడా చూడలేదు.

"వేలల్లో ఒకటి," అంది డాక్టరు, పన్ను లోపల ఏదో గీకుతూ. "అది మన బిల్డింగులోనే ఉండటం చూడండి. ఇలాంటి పిల్లి ఉందని తెలిస్తే మీ ల్యాబువాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరు," అన్నాను. అదీ నిజమే. ప్రేమ వెనక్కి వెళ్ళిపోయింది.

"రక్తం తీస్తారు కదూ?"

"తీస్తారు."

"నా స్నేహితురాలు పశువుల డాక్టరు. ఊరికే ఆమె చెవిన వేశాను. ఎగిరి గంతేసింది. ఇవాళ సాయంత్రం బుట్ట పట్టుకుని వస్తానంది. కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచుకుని అన్ని పరీక్షలూ చేసి, చర్మం కూడా రవ్వంత తీసి చూసి, నలుగురు పెద్ద డాక్టర్లని పిలిచి చూపించి, అప్పుడు పంపిస్తుందిట. మీకు ఖర్చేం ఉండదు పిన్నిగారూ. కొంచెం పెద్దగా తెరవండి."

అత్తగారు గొంతులోంచి ఏదో చప్పుడు చేశారు. డాక్టరు ఆగలేదు. అత్తగారు చెయ్యెత్తి ఆమె మణికట్టు పట్టుకున్నారు. అప్పుడు డాక్టరు పనిముట్లు పళ్ళెంలో పెట్టి, గొట్టం తీసి, కుర్చీ పైకి లేపింది.

సగం మూతి తిమ్మిరెక్కిపోయి ఉంది. పెదవి ఒకవైపే కదులుతోంది. ఆ సగం మూతితోనే అత్తగారు అన్నారు:

"ఆడది."

"ఏంటండీ?"

"అది ఆడదే. మీదే. ఆవిణ్ణి రావద్దని చెప్పండి."

డాక్టరు మాస్కు కిందికి లాగింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కంటి చుట్టూ ఏం పూశారు? మీ బాల్కనీ గోడ మీద చూశాను. చూసినప్పటినుంచీ నాకు అదే భయం."

"కనుబొమల పెన్సిలండీ," అన్నాను నేను. "కంట్లో పడలేదు."

"కళ్ళు తెరవకముందు దొరికింది నాకది, బయట షట్టరు పక్కన. ఇదిగో, పుక్కిలించడానికి నీళ్ళు కొట్టే సిరంజితో పాలు పట్టి పెంచాను. డ్రిల్లు మోగితే సోఫా కిందికి దూరేది. ఒకరోజు దూరినట్టే దూరి వెళ్ళిపోయింది."

అత్తగారు కుర్చీలోంచి దిగారు. పన్ను ఇంకా మూయలేదని డాక్టరు అంటున్నా వినకుండా, మెడలో కాగితం రుమాలుతోనే మెట్లెక్కి వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు చంకలో బొంత ఉంది. సోఫాలో కూర్చుని, రుమాలు అంచు తడిపి, దాని కంటి చుట్టూ మెల్లిగా తుడిచారు. నలుపు కింద నుంచి నారింజ రంగు బయటపడింది. పూర్తిగా తుడిచాకే దాన్ని ఎత్తి డాక్టరు చేతుల్లో పెట్టారు.

"ఆ పశువుల ఆవిడకి ఫోను చేసి చెప్పండి," అన్నారు.

"అలాంటి స్నేహితురాలెవరూ లేరు పిన్నిగారూ."

"అబద్ధమా?"

"మీరు మాత్రం మగపిల్లి అనలేదూ?"

అత్తగారు వెళ్ళి కుర్చీలో పడుకుని నోరు తెరిచారు.

మర్నాడు సాయంత్రం నేను తలుపు తీసేసరికి టీవీ మోగుతోంది. అత్తగారు దానికి వీపు పెట్టి కూర్చున్నారు. బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది. "నొప్పి తగ్గిందా?" అంటే తల ఊపారు. మామగారు "పాలు తాగిందా..." అని నాలిక కరుచుకుని, మూలనున్న పాత క్యారమ్ బోర్డు తుడవడం మొదలుపెట్టారు. ఆయన ఇంట్లో అది తుడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాతి పొద్దున కాఫీ తాగుతూ అత్తగారు చెంప పట్టుకున్నారు.

"ఎడమవైపుది కూడా ఏదోలా ఉందే. ఒకసారి చూపించుకు వస్తాను."

చూపించుకున్నారు. రాయిలా ఉందని డాక్టరు చెప్పిందట. మర్నాడు పైవరస. అదీ రాయే. ఆ మర్నాడు జ్ఞానదంతం, అది ఎప్పుడో పీకించేసుకున్నారు. అలా నోట్లో పళ్ళన్నీ అయిపోవస్తుండగా డాక్టరే అందట: "పిన్నిగారూ, పన్ను నొప్పి లేకపోయినా రావచ్చు. మీరుంటే అది సోఫా కిందికి దూరడం లేదు."

ఇప్పుడు ఆవిడ పొద్దున్నే తల దువ్వుకుని కిందికి వెళ్ళి, ముందు గది సోఫాలో బొంతను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. సూది భయంతో వణుకుతూ వచ్చేవాళ్ళకి ధైర్యం చెబుతారు. ధైర్యమంటే మరేం కాదు, ముందు బొంత మచ్చలు చూపిస్తారు, అక్కడినుంచి దారం, ఉండలు, మడతలు. మామగారి చొక్కా కూడా వస్తుందని విన్నాను.

నిన్న సాయంత్రం నేను వస్తుంటే క్లినిక్ తలుపు తెరిచే ఉంది. అత్తగారు నన్ను చూసి చెయ్యూపారు.

"ఇలా రావే. ఇవాళ ఒకాయన అడిగాడు, బట్టతల కూడా ఈ మడతల వల్లేనా అని."

"మీరేమన్నారు?"

"అవునన్నాను. జుట్టు ఎక్కడికీ పోలేదండీ, అట్టడుగున పడిపోయింది, అంతే అన్నాను. పాపం ఎంత సంతోషించాడో. పన్ను పీకుతుంటే కుయ్యిమనలేదు."

"అది వేరత్తయ్యా. బట్టతలకి కారణాలు..."

"ఏమో, చెప్పేశాను. ఇప్పుడు కాదంటే బాగుండదు."

"రేపు ఆయన కనిపిస్తే నేను సర్దిచెబుతాలెండి."

"కనిపిస్తాడు. పదింటికి మీ ల్యాబుకి రమ్మన్నాను. మా కోడలు పైకి తీసి పెడుతుందని చెప్పాను."

లోపల గదిలో డ్రిల్లు ఆగింది. "నాకేం సంబంధం లేదండీ," అంది డాక్టరు గొంతు. "నేను నోళ్ళు మాత్రమే చూస్తాను."